వయొలెట్ కుండీకి నీళ్లెప్పుడు పోయాలంటే

అమ్మడూ,

నీ ఆఫ్రికన్ వయొలెట్ ఫొటో చూశాను. ఆకులు వాలిపోయాయని రెండు పూటలా నీళ్లు పోస్తున్నానని రాశావు. ముందు ఆ పని ఆపు. నీళ్లు చాలకపోయినా ఆకులు వాలిపోతాయి, ఎక్కువైనా వాలిపోతాయి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా తెలిసేది మట్టిలోనే. వేలు పెట్టి చూడు. మట్టి తడిగా ఉండి కూడా ఆకు వాలిందంటే వేళ్లకు గాలాడక కుళ్లుతున్నట్టే. కుళ్లిన వేరు నీళ్లెలా తాగుతుంది?

నా మొదటి మొక్కను నేనూ అలాగే చంపుకున్నాను. వాడిందని పోశాను, ఇంకా వాడిందని ఇంకా పోశాను. చివరికి ఓ రోజు పట్టుకుంటే మొదలంటా చేతిలోకి వచ్చేసింది. వేరును వేళ్ల మధ్య పట్టి లాగితే పై పొర జారిపోయి, లోపల సన్నటి దారం మిగిలింది.

అప్పట్నుంచీ నా కొలత కుండీ బరువే. నీళ్లు పట్టించి, అదనపు నీరు కారిపోయాక ఒకసారి ఎత్తి చూసి ఆ బరువు గుర్తుపెట్టుకుంటాను. తర్వాత రోజూ పొద్దున్నే ఎత్తడమే. తేలిగ్గా తగిలి, పైమట్టి కూడా వేలికి పొడిగా అనిపిస్తేనే నీళ్లు. సోమవారం, గురువారం అని రోజులు పెట్టుకుని పోసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఎండలు ముదిరి ఫ్యాన్ ఆగకుండా తిరిగే రోజుల్లో రెండు మూడు రోజులకే మట్టి ఆరిపోతుంది. ముసురు పట్టిందంటే వారం దాటినా ఆరదు. చలికాలంలోనూ అంతే, వెలుతురు తగ్గితే మొక్క తాగేదీ తగ్గుతుంది. అయితే పూలు అయిపోయాయని నెలల తరబడి ఎండబెట్టకు. వెలుతురు బాగుంటే ఇది ఏడాదంతా పూసే మొక్క.

దీని పుట్టిల్లు టాంజానియా, కెన్యా కొండలు. అక్కడ చెట్ల నీడన, రాళ్ల సందుల్లో పెరుగుతుంది. తడి ఉంటుంది కానీ నీరు నిలవదు. మనమూ అదే చూసుకోవాలి. పళ్లెంలో నీళ్లు పోసి, అడుగున చిల్లులున్న కుండీని అందులో కూర్చోబెట్టు. అరగంటలోపే పైమట్టి రంగు ముదురుతుంది, అంటే తడి పైదాకా ఎక్కిందన్నమాట. మిగిలిన నీళ్లు పారబొయ్యి. కుళాయి నీళ్లు చల్లగా ఉంటే వెంటనే వాడకు, కాసేపు గదిలో ఉంచు. నూగు ఆకుల మీద చన్నీళ్లు పడితే పాలిపోయిన మచ్చలు, వలయాలు వస్తాయి. ఆ ఆకు ఉన్నంతకాలం అవి పోవు. కొత్త ఆకులు వచ్చే నడిమధ్య నీళ్లు పడితే మాత్రం వెంటనే మెత్తటి కాగితంతో అద్దెయ్యి, లేకపోతే అక్కణ్నుంచే కుళ్లు మొదలవుతుంది.

ఎప్పుడూ కిందనుంచే పెడితే ఉప్పు పైకి చేరి కుండీ అంచున తెల్లగా పేరుకుంటుంది. నెలకోసారి ఆకులు పైకెత్తి పట్టుకుని, పైనుంచి నీళ్లు పోసి బాగా కారనివ్వు.

ఇప్పుడు నీ మొక్క సంగతి. కుండీలోంచి తీసి, మెత్తబడ్డ వేళ్లన్నీ కత్తిరించి, గుల్లగా ఉండే కొత్త మట్టిలో, చిన్న కుండీలో పెట్టు. వేళ్లు ఒక్కటీ మిగలకపోయినా టెన్షన్ పడకు. గట్టిగా ఉన్న ఆకును కాడతో సహా కోసి, కాడ మట్టిలో దిగేలా గుచ్చు. కొన్ని వారాల్లో మొదట్లోంచి పిల్లమొక్కలు వస్తాయి. ఫొటోలో అలాంటి ఆకులు రెండు కనిపించాయి.

ఈసారి ఆకుల ఫొటో కాదు, వేళ్ల ఫొటో తీసి పంపు.

పెద్దమ్మ