ఒక దారం, నాలుగు నట్లు చాలు

పదేళ్ల పిల్లలకు శాస్త్రీయ పద్ధతిని ఇంట్లోనే నేర్పడానికి ఏ ప్రయోగం మంచిదని అడిగారు. మా అమ్మాయితో నేను చేయించిన లోలకం ప్రయోగం గురించి చెబుతాను.

వంటసోడాలో వెనిగర్ పోసి నురగ పొంగించడం చాలామంది చేయిస్తారు. చూడటానికి బాగుంటుంది కానీ, ఆ ఒక్క పొంగుతో పిల్లలు ఆగిపోతే తేల్చుకోవలసిన ప్రశ్నంటూ మిగలదు. లోలకంతో ప్రశ్న మొదటే పుడుతుంది: బరువు పెంచితే ఊగే వేగం మారుతుందా?

25 సెంటీమీటర్ల దారానికి ఒక ఇనుప నట్టు కట్టి బల్ల అంచు నుంచి వేలాడదీశాం. ఊపే ముందే తన ఊహను నోటుపుస్తకంలో రాయమన్నాను. 'బరువెక్కువైతే త్వరగా ఊగుతుంది' అని రాసింది. తర్వాత చెరపడానికి వీల్లేకుండా పెన్నుతోనే రాయించాను. ఈ ఒక్క విషయంలో మీరు కూడా పట్టుబట్టండి. ఇటు నుంచి అటు వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు. ఒక్క ఊపునే కొలిస్తే స్టాప్‌వాచ్ నొక్కడంలో జరిగే ఆలస్యమే లెక్కను పాడుచేస్తుంది కాబట్టి, పది ఊపుల చొప్పున మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ 10 సెకన్లకు కాస్త అటూ ఇటూగా వచ్చింది.

నాలుగు నట్లు కట్టేసరికి దాదాపు 11 సెకన్లు పట్టింది. 'బరువు పెరిగితే నెమ్మదిగా ఊగుతుందన్నమాట' అని తేల్చేసింది. అది సరికాదని నాకు తెలుసు. చెప్పేయాలని నోటిదాకా వచ్చినా ఆపుకున్నాను. 'బరువు కాకుండా ఇంకేమైనా మారిందేమో చూడు' అన్నాను, అంతే. చాలాసేపు దాని చుట్టూ తిరిగి, చివరికి స్కేలు తెచ్చుకుంది. నట్లను ఒకదాని కింద ఒకటి వరుసగా కట్టింది; దాంతో బరువు కిందికి దిగి, లోలకం పొడవు కూడా పెరిగిపోయింది. నాలుగింటినీ ఒకేచోట గుత్తిగా కట్టి కొలిస్తే మళ్లీ 10 సెకన్లే! ఒకసారికి ఒక్కటే మార్చాలన్న సంగతి నేను ఎన్నిసార్లు చెప్పినా అంతగా నాటుకునేది కాదు.

తర్వాత పొడవు వంతు. దారాన్ని నాలుగింతలు చేసి మీటరుకు పెంచితే 40 సెకన్లు పడుతుందని రాసింది. పట్టింది 20. మొదట ముఖం చిన్నబుచ్చుకుంది గానీ, కాసేపటికి తనే యాభై సెంటీమీటర్ల దారం కత్తిరించింది.

మీరు చేసేటప్పుడు ఊపు చిన్నదిగానే ఉంచండి. మరీ పక్కకు లాగి వదిలితే సమయం కొద్దిగా పెరుగుతుంది. మా అమ్మాయి ఇప్పుడు దాన్నే కొలుస్తోంది. ఈసారి ఊహ రాయడానికి చాలాసేపు ఆలోచించింది.