అనుమానం అంటే సందేహమేనా?

సందేహం: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. క్లాట్ రాసి సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలో సీటు తెచ్చుకోవాలని దాని పట్టుదల. ద్వారకానగర్‌లో కోచింగ్. ఇంగ్లీషు, కరెంట్ అఫైర్స్ బాగానే చేస్తుంది గానీ లాజికల్ రీజనింగ్ దగ్గరికొచ్చేసరికి ప్రతి మాక్ టెస్టులోనూ బోల్తా పడుతోంది. నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేసి, మిగిలిన రెండింట్లో తప్పుదే పెడుతుంది. తెలుగులో విడమరిచి చెబితే బుర్రకెక్కుతుందేమోనని పదకోశం తీస్తే, ఆ ప్రశ్నల్లో అడిగే ఇన్ఫరెన్స్‌కి (చదివినదాన్నిబట్టి తేల్చుకోవడానికి) ‘అనుమానం’ అని ఉంది. ‘ఈ పేరా చదివి నువ్వేం అనుమానిస్తావు?’ అని అడిగితే అది పడీపడీ నవ్వింది. అనుమానమంటే సందేహం కదండీ? పదకోశంలో తప్పు పడిందా? ఇన్ఫరెన్స్‌కి సరైన తెలుగు మాట ఏమిటి?
– ఒక పాఠకురాలు, మురళీనగర్, విశాఖపట్నం

సమాధానం: పదకోశంలో తప్పేమీ లేదమ్మా. మీ అమ్మాయి నవ్వడంలోనూ తప్పు లేదు. ఈ మాట గురించి ఎవరైనా అడక్కపోతారా అని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను, తీరా చూస్తే వచ్చే ఉత్తరాల్లో సగం శుభలేఖలో ‘ఆహ్వానించువారు’ అనాలా ‘ఆహ్వానించేవారు’ అనాలా అన్నవే. కాబట్టి మీరు అడిగినదానికన్నా కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

మాట పుట్టుక తేలికే. ‘మా’ అంటే కొలవడం. ప్రమాణం, పరిమాణం, ఉపమానం, మన పాతకాలపు కొలతపాత్ర మానిక, అన్నీ ఆ కొలత కుటుంబమే. ‘అను’ అంటే వెంట, తరవాత. అనుచరుడిలో ఉన్నది అదే. కంటికి కనపడినదాని వెంట వెళ్లి, కంటికి కనపడనిదాన్ని కొలవడం అనుమానం. (అవమానం, అభిమానం ఈ ఇంటివి కావు. వాటి ధాతువు ‘మన్’, తలచడం. ప్రాస కుదిరింది కదా అని అనుమానాన్నీ అవమానాన్నీ అక్కచెల్లెళ్లని చేసే ఉపన్యాసకులున్నారు, నమ్మకండి.) అంటే పుట్టుకతో ఈ మాటలో శంక లేదు, తూకం ఉంది.

న్యాయశాస్త్రం ప్రకారం జ్ఞానం వచ్చే దారులు, అంటే ప్రమాణాలు, నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం (నమ్మదగినవాడి మాట). న్యాయశాస్త్రమంటే నేను చెబుతున్నది గౌతముడిది, ఇప్పటి లా కాదు. తమాషా చూడండి, లా కాలేజీకి న్యాయ కళాశాల అని పేరు పెట్టుకున్నాం, అందులో చేరడానికి పెట్టే పరీక్షలో మీ అమ్మాయిని ఏడిపిస్తున్న భాగం మాత్రం అచ్చంగా ఆ పాత న్యాయశాస్త్రమే.

దాన్ని పిల్లలకి చెప్పినట్టు చెప్పినవాడు అన్నంభట్టు. నాకు ఆయనంటే ప్రాణం. పదిహేడో శతాబ్దం, తెలుగువాడు, గరికపాడు ఆయన ఊరంటారు. కాశీకి వెళ్లొచ్చినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాడని లోకోక్తి పుట్టేంత పేరు. తర్కసంగ్రహం మొదటి శ్లోకంలోనే ‘బాలానాం సుఖబోధాయ’ అని రాసుకున్నాడు, పిల్లలకి సుఖంగా తెలియడం కోసమట. పుస్తకం సన్నగా ఉంటుంది, ఒక్క మాట అదనంగా ఉండదు. కోచింగ్ వాళ్లిచ్చే దిండంత మెటీరియల్ మోసే పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఆయన ఉదాహరణ కొండ మీద పొగ. మనకి కైలాసగిరి ఉంది కాబట్టి అక్కడే పెట్టుకుందాం. ‘కొండ మీద నిప్పుంది’, ఇది ప్రతిజ్ఞ. ‘పొగ ఉంది కాబట్టి’, ఇది హేతువు. ‘ఎక్కడెక్కడ పొగ ఉంటుందో అక్కడక్కడ నిప్పుంటుంది, వంటింట్లో లాగ’ అన్నది ఉదాహరణ. ‘ఈ కొండా అలాంటిదే’ ఉపనయం, ‘అందుకని నిప్పుంది’ నిగమనం. పొగకీ నిప్పుకీ ఉన్న ఆ విడదీయరాని సంబంధం పేరు వ్యాప్తి. నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత చెప్పేది దాన్నే. అలాంటి పొగే ఈ కొండ మీద కూడా ఉందని పోల్చుకోవడం పరామర్శ. దానివల్ల పుట్టిన తెలివిడి అనుమితి, ఆ అనుమితికి సాధనం అనుమానం. (పరామర్శ ఇప్పుడు ఆస్పత్రుల్లో నాయకులు చేసేదయింది. ప్రతిజ్ఞ బడిలో చెయ్యి చాచి చదివేదయింది. అదీ మన విశాఖలోనే పుట్టింది లెండి, 1962లో ఇక్కడ జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు రాసినది. తర్కంలో ప్రతిజ్ఞ అంటే ఇంకా రుజువు కావలసిన మాట.)

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. పొగ ఉంటే నిప్పుంటుంది, సరే. తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉంది అనొచ్చా? కుదరదన్నాడు అన్నంభట్టు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకి పచ్చికట్టె తోడవ్వాలి. అలా బయటికి చెప్పకుండా లోపల నక్కి ఉన్న షరతు పేరు ఉపాధి. (ఉపాధి హామీలో ఉపాధి కాదు.) స్టీల్ ప్లాంటు ఉన్న ఊరివాళ్లకి ఇనపగుండు గురించి వేరే చెప్పాలా? మిల్లులో ఎర్రటి కడ్డీ జారిపోతుంటే చూసినవాళ్లు మీ వీధిలోనే దొరుకుతారు, మీ అమ్మాయిని ఒకసారి అడిగి రమ్మనండి.

దీన్నే క్లాట్ ప్రశ్నగా మారిస్తే ఇలా ఉంటుంది. ‘వేట నిషేధం ఉన్న రోజుల్లో మరబోట్లు సముద్రంలోకి వెళ్లవు. ఇవాళ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లన్నీ జెట్టీకే కట్టేసి ఉన్నాయి. దీన్నిబట్టి ఏం తేలుతుంది?’ నాలుగు ఆప్షన్లలో ఒకటి ‘ఇవాళ వేట నిషేధం అమల్లో ఉంది’ అని నోరూరిస్తూ ఉంటుంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిషేధమని విశాఖ పిల్లకి తెలుసు కాబట్టి ఆ ఆప్షన్ మరీ ముద్దొస్తుంది. కానీ తుఫాను హెచ్చరిక ఉండొచ్చు, పండగ కావచ్చు, డీజిల్ ధర మీద సమ్మె కావచ్చు. పేరాలో చెప్పినది నిషేధం నుంచి బోట్ల దాకా. బోట్ల నుంచి వెనక్కి నిషేధం దాకా ఎవరూ ఏమీ చెప్పలేదు. అదే ‘ఇవాళ ఒక మరబోటు వేటకెళ్లింది’ అని ఉంటే, నిషేధం లేదని ఖాయంగా తేలుతుంది. రెండు ఆప్షన్ల దాకా వచ్చి తప్పుది పెడుతోందంటే మీ అమ్మాయి ఈ తిరగేసిన వ్యాప్తి దగ్గరే పడిపోతూ ఉంటుంది. మన వాడుక అర్థంలో అనుమానించి టిక్కు పెడుతోంది, అన్నంభట్టు అర్థంలో కాదు. 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత. ఇంత ఖరీదైన అర్థవిపరిణామం (మాటకి అర్థం మారిపోవడం) నాకు ఇంకోటి తెలియదు.

మరి కొలత కాస్తా శంకగా ఎలా మారింది? నాకు తోచినది చెబుతాను, ఒప్పుకోవాలని లేదు. అనుమానం జరిగే చోటుని పక్షం అంటారు, దానికి అన్నంభట్టు చెప్పిన లక్షణం ‘సందిగ్ధసాధ్యవాన్’: నిప్పుందో లేదో ఇంకా తేలని కొండే పక్షం. అంటే సందేహం ఉన్నచోటే అనుమానానికి పని. ఎప్పుడూ పక్కపక్కన తిరిగే రెండు మాటల్లో ఒకటి వెళ్లి రెండోదాని చోట్లో కూచోవడం భాషలో వింతేమీ కాదు. హిందీలో ఇదే మాట అంచనా అయింది. కన్నడంలో మనలాగే సందేహం. మనం ఇంకో అడుగు ముందుకేసి ‘అనుమానం పెనుభూతం’ అని కాపురాల మీదకి వదిలాం.

సందేహానికి మనకి మాటలు కరువా? పోతన గజేంద్రుణ్ణి చూడండి. ‘కలడందురు దీనుల యెడ’ అని మొదలుపెట్టి ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అన్నాడు. ఆ ‘అందురు’ ఎంత జాగ్రత్తగా వేశాడో! మూడుసార్లు ‘కలడందురు’. అంటున్నారు, అంతే. విన్నది ఉంది, చూసినది లేదు, పట్టుకు వెళ్లడానికి పొగలాంటి హేతువూ లేదు. అందుకే చివర ‘కలడో లేడో’ అన్న సంశయం. దాన్ని అనుమానం అంటే నేను ఒప్పుకోను. మొసలి నోట్లో కాలుండగా కూడా ఆ ఏనుగు విన్నదాన్నీ తెలిసినదాన్నీ కలిపెయ్యలేదు, మన టీవీ యాంకర్లు ఏసీ గదిలో కూచుని కలిపేస్తున్నారు. ‘కుట్ర జరిగి ఉండవచ్చనే అనుమానాలు వ్యక్తమవుతున్నాయి’ అట. ‘ఉండవచ్చు’లో ఒక వెనకడుగు, ‘అనుమానాలు’లో ఇంకో వెనకడుగు, ‘వ్యక్తమవుతున్నాయి’ దగ్గరికొచ్చేసరికి అనుమానించిన మనిషే మాయం!

ఇదంతా పండితుల గోల అనుకోకండి, లా చదవబోయే పిల్లకి రేపు రోజూ కావలసినదే. ఎంత బలమైన అనుమానమైనా రుజువుకి సాటి రాదని మన కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అక్కడ అనుమానం అంటే శంక. కానీ కళ్లారా చూసిన సాక్షి లేని కేసులో, చుట్టూ ఉన్న పరిస్థితుల్ని బట్టి నేరం తేల్చేది దేనితో? అనుమానంతోనే, అన్నంభట్టు అనుమానంతో. 1984లో శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి సాక్ష్యానికి ఐదు నియమాలు చెప్పి వాటిని పంచశీల అంది. నిందితుడు చేసి ఉండవచ్చు అనడం చాలదు, సాక్ష్యాల గొలుసు తెగకూడదు, ఇంకే వివరణకీ చోటుండకూడదు అన్నవి అందులోవే. ఇంకే వివరణకీ అన్నచోట మన జెట్టీలో కట్టేసిన బోట్లని తలుచుకోమనండి మీ అమ్మాయిని. ఈ రెండు అనుమానాలూ తెలుగులో రాసిన ఒకే వాక్యంలో పడితే, చదివేవాడికి ఏది శంకో ఏది రుజువో తెలియకుండా పోతుంది.

అలాగని తెలుగుకి తర్కం రాదనుకుంటే నాకు కోపం వస్తుంది. మన క్రియలోనే ప్రమాణాలున్నాయి. ‘రాత్రి వాన పడింది’ చూసినవాడి మాట. ‘పడిందట’ విన్నవాడి మాట. పొద్దున్నే లేచి తడిసిన రోడ్డు చూసినవాడు ‘పడి ఉంటుంది’ అంటాడు, అది అనుమానమే, కాకపోతే ఇంకా ఖాయం కానిది. ‘పడిందో లేదో’ అన్నది సందేహం, గజేంద్రుడిది. బడికి వెళ్లని మనిషి కూడా ఈ నాలుగింటినీ ఒకదానికొకటి కలపకుండా వాడతాడు. మీ అమ్మాయిని ప్రతి ఆప్షన్‌కీ ఈ తోకలు తగిలించి చూడమనండి. ‘అయి ఉంటుంది’ దగ్గర ఆగితే టిక్కు పెట్టకూడదు, ‘కాక తప్పదు’ అనగలిగితేనే పెట్టాలి.

ఇక మీరడిగిన తీర్పు. పదకోశంలో ‘అనుమానం’ ఉండనివ్వండి, కాకపోతే పక్కన ఒక వివరణ ఉండాలి. తేలిన విషయానికి ‘అనుమితి’ అనడం నాకిష్టం, జనం నోట పడలేదు కాబట్టి అర్థం చెడలేదు. ‘ఊహ’ మరీ వదులు, ‘నిర్ధారణ’ మరీ బిగువు. ‘అనుమానించు’ అన్న క్రియని మాత్రం ఇన్ఫరెన్స్‌కి వాడకండి, అది పూర్తిగా శంక పాలైపోయింది, వెనక్కి లాక్కురావడం నా వల్ల కాదు. పరీక్ష ఎలాగూ ఇంగ్లీషులోనే కాబట్టి ఇంట్లో ఈ మాటల్లో ఏదీ అక్కర్లేదు, ‘దీన్నిబట్టి ఏం తేలింది?’ అని అడగండి చాలు. మన వైపు యాసలో ‘ఏటి తేలింది?’ అన్నా అదే. తర్కసంగ్రహానికి తెలుగు వ్యాఖ్యలు దొరుకుతాయి, అనుమాన ఖండం ఒక్కటీ ఇప్పుడు చదివించండి, మిగతాది సీటొచ్చాక.