అట్లాంటా నుంచి ఒక్కరోజులో పాత ఇళ్లు: మాడిసన్ వెళ్లండి

అమ్మానాన్నలకు అమెరికా పాతకాలపు ఇళ్లు చూపించాలి, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, పాత ఇళ్లకు పేరున్న సవానా నగరం దూరమని రాశారు కదా. జార్జియాలోనే ఉన్న మాడిసన్ మీకు సరిగ్గా సరిపోతుందండీ. అట్లాంటా నుంచి ఐ-20 హైవే మీద తూర్పుగా గంట ప్రయాణం.

అక్కడి పాత ఇళ్లలో చాలావాటిలో ఇప్పటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి. వాటిని కారులో మెల్లగా తిరుగుతూ బయటి నుంచే చూడండి. లోపలికి వెళ్లి చూడటానికి హెరిటేజ్ హాల్, రోజర్స్ హౌస్, రోజ్ కాటేజ్ ఉన్నాయి. చివరి రెండూ పక్కపక్కనే, కాబట్టి అమ్మగారికి నడక తక్కువ.

రోజ్ కాటేజ్ మాత్రం వదలొద్దు. బానిసగా పుట్టిన అడలీన్ రోజ్, విముక్తి తర్వాత ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి, మూటకు 50 సెంట్ల చొప్పున కూడబెట్టి 1891లో కట్టుకున్న చిన్న ఇల్లది. పెద్ద స్తంభాల భవనాల వెనకున్నది పత్తి డబ్బు, బానిసల చెమట. ఆ సంగతి ముందే అమ్మానాన్నలకు చెప్పండి, అప్పుడు ఈ చిన్న ఇంటి విలువ తెలుస్తుంది.

బయల్దేరే ముందు ఫోన్ చేసి, ఆ రోజు ఏవి తెరుస్తారో కనుక్కోండి. జూలై, ఆగస్టు ఎండల్లో వద్దు. పెద్దవాళ్లకు బయటి తిండి పడకపోతే పులిహోర కట్టుకెళ్లండి, టెన్షన్ ఉండదు.