ప్రగతి పత్రం ఏం చెప్పాలి? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం గురించి ఉన్నాయి. ప్రాథమిక పాఠశాలలో పిల్లల చదువు ఎలా సాగుతోందో ఇంట్లోవారికి ఎలా తెలియాలి, పాఠశాల ఎలా తెలియజేయాలి అన్నదే ఆ విషయం. వాటిలో అయిదింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. ప్రగతి పత్రంలో తెలుగుకు ఎ గ్రేడు వచ్చింది. కాని ఇంట్లో పాఠ్యపుస్తకంలో లేని నాలుగు వాక్యాలు ఇచ్చి చదవమంటే, ఒత్తులున్న ప్రతి మాట దగ్గరా ఆగిపోతోంది. గ్రేడును నమ్మాలా, నా కళ్లతో చూసినదాన్ని నమ్మాలా?
– ఒక తల్లి, గజపతినగరం మండలం

జవాబు: రెండూ నిజమేనమ్మా. అయితే అవి చెబుతున్నది ఒకే సంగతి కాదు. మన రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పటి నుంచి గ్రేడుకు పరీక్ష ఒక్కటే ఆధారం కాదు. పిల్లలు తరగతిలో ఎలా పాల్గొంటున్నారు, రాతపనులు ఎలా చేస్తున్నారు, ప్రాజెక్టు పనులు తెచ్చారా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. ఒక్క రోజు పరీక్షకు పిల్లను బలిచేయకుండా ఉండేందుకే ఈ పద్ధతి పెట్టారు, ఆ ఉద్దేశం మంచిదే. కాని నోట్సు చక్కగా రాసి, చెప్పిన పాఠాన్ని కంఠతా పట్టి, ప్రాజెక్టు పని వేళకు తెచ్చిన అమ్మాయికి మంచి గ్రేడు రావచ్చు. కంఠతా వచ్చిన పాఠం మీద వేలు పెట్టి చదువుతుంటే చూసేవారికి అది చదువులాగే కనిపిస్తుంది. మీరు ఇంట్లో ఇచ్చిన నాలుగు కొత్త వాక్యాలు ఆ తెర తొలగించాయి. నా దృష్టిలో మీరు చేసిన పరీక్షే ఎక్కువ విలువైనది.

కేంద్రం 2021 జూలై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా దీన్నే ప్రధానంగా తీసుకుంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు అంతకుముందు చూడని పాఠాన్ని నిమిషానికి కనీసం 60 పదాల చొప్పున, అర్థం చేసుకుంటూ చదవాలనీ, 9999 వరకు సంఖ్యలను చదవగలగాలనీ అది లక్ష్యాలు పెట్టింది. మీరు మాత్రం గడియారం పట్టుకుని 60 పదాలు లెక్కపెట్టకండి. తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ చేరి ఒక్కొక్క మాట పొడవుగా ఉంటుంది కనుక, అంకె కన్నా ధారగా చదువుతోందా, చదివినది అర్థమైందా అన్నదే చూడవలసింది. ఒక చిన్న కథ ఇచ్చి, చదివాక పుస్తకం మూయించి, ‘ఎవరు ఏం చేశారు, ఎందుకు చేశారు’ అని అడగండి. ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసుకోండి. గుణింతం దగ్గరా, ఒత్తు దగ్గరా, లేక పొడవైన మాటల దగ్గరా? మాటలో సగం చూసి మిగతా సగం ఊహించి చెబుతోందా? ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేలో పిల్లల చదువును అక్షరం, పదం, పేరా, కథ అనే మెట్లుగా చూస్తోంది. మీ అమ్మాయి వీటిలో ఏ మెట్టు మీద ఉందో మీరే పది నిమిషాల్లో చెప్పగలుగుతారు.

ఆ కాగితం తీసుకుని ఉపాధ్యాయురాలి దగ్గరకు వెళ్లండి. ‘ఎ గ్రేడు ఎలా ఇచ్చారు’ అని మొదలుపెడితే ఆమె గ్రేడును సమర్థించుకోవలసి వస్తుంది, మాట అక్కడితోనే ఆగిపోతుంది. ‘పుస్తకం, కష్టం లాంటి మాటల దగ్గర మా పాప ఆగిపోతోంది, తరగతిలో మీకు కూడా ఇలాగే కనిపించిందా’ అని అడిగితే, ఆమె దేని మీద పని చేయాలో ఇద్దరికీ తెలుస్తుంది. నెల తరవాత అదే పరీక్ష మరో కొత్త కథతో చేసి, ఫలితం ఆమెకు చెప్పండి. నిజమైన ప్రగతి నివేదిక అంటే అదే, అది పాఠశాల నుంచి ఇంటికే కాదు, ఇంటి నుంచి పాఠశాలకు కూడా వెళ్లాలి.

ప్రశ్న: కొడుకూ కోడలూ హైదరాబాదులో కట్టుబడి పనులకు వెళ్లారు. నాలుగో తరగతి చదివే మనవడు నా దగ్గరే ఉన్నాడు. బడిలో మీటింగు అంటే నేనే వెళ్తాను. నాకు చదువు రాదు. కార్డు మీద వేలిముద్ర వేయించుకుని పంపేస్తారు. నాలాంటిది అక్కడ ఏమడగగలదు? (పక్కింటి అమ్మాయి చేత రాయించాను.)
– ఒక నానమ్మ, కవిటి మండలం

జవాబు: అమ్మా, మీరు అడగవలసినవి చాలా ఉన్నాయి, అడిగే హక్కు కూడా ఉంది. 2009 నాటి విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్‌లో ఉపాధ్యాయుల విధులు రాశారు. తల్లిదండ్రులతోను, సంరక్షకులతోను క్రమంగా సమావేశమై, పిల్లల హాజరు గురించి, నేర్చుకునే శక్తి గురించి, సాధించిన ప్రగతి గురించి చెప్పడం ఆ విధుల్లో ఒకటి. సంరక్షకులు అన్న మాట చట్టంలోనే ఉంది కనుక, అమ్మానాన్నలు ఊళ్లో లేని చోట పాఠశాల ఆ సమాచారం చెప్పవలసింది మీకే. కార్డులో ఏముందో మీకు చదివి వినిపించాక మాత్రమే వేలిముద్ర వేయండి. ‘చదివి చెప్పండి మాస్టారూ’ అని అడగడానికి సంకోచించవద్దు.

చదువు రాకపోయినా చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. మనవడి లెక్కల నోట్సు తెప్పించి, జూన్‌లో రాసిన పేజీ, ఇప్పుడు రాసిన పేజీ పక్కపక్కన పెట్టి చూపించమనండి. ‘అప్పుడు రానిది ఇప్పుడు ఏమొచ్చింది’ అని అడగండి. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు వస్తే మాస్టారుకు మీ మనవడు బాగా తెలుసునని అర్థం. మీ ముందే ఒక పేజీ చదివించమనండి. తడబడుతున్నాడో లేదో వినడానికి అక్షరాలు రావలసిన పని లేదు. ఎన్ని రోజులు బడికి రాలేదో తప్పకుండా అడగండి. పండక్కి అమ్మానాన్నల దగ్గరకు వెళ్లిన పిల్లలు రెండు మూడు వారాలు అక్కడే ఉండిపోతే, ఆ సమయంలో జరిగిన పాఠాలు ఎలా పూరిస్తారో కూడా అడగవలసిందే. ఇంటి దగ్గర, వంద కొబ్బరికాయల ధర చెప్పి, పాతిక కాయలకు ఎంత వస్తుందని అడిగి చూడండి. నాలుగో తరగతి పిల్లవాడికి అది రావాలి. అది మీకు నోటి లెక్కలోనే వచ్చు కనుక తప్పొప్పులు మీరే చెప్పగలరు.

రాష్ట్రమంతటా 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న ప్రభుత్వం మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు జరిపింది. తల్లిదండ్రులు బడి గడప తొక్కడానికి అవి ఉపయోగపడ్డాయి. కాని ఊరంతా కూడిన రోజున, వేదిక మీద ప్రసంగాలు సాగుతుండగా, ఒక్కొక్క పిల్లవాడి గురించి కూర్చుని మాట్లాడే వీలు అంతగా ఉండదు. అందుచేత ఆ రోజు కార్డు తీసుకుని, మరో సాయంత్రం పది నిమిషాలు అడిగి తీసుకోండి. మాట్లాడేటప్పుడు కొడుకుకు ఫోను కలిపి, స్పీకరులో పెట్టించండి. అతను పనిలో ఉండి కుదరకపోతే, మాస్టారు చెప్పిన రెండు మాటలనే రికార్డు చేసి పంపమనవచ్చు. దూరాన ఉన్న తండ్రికి కార్డు ఫోటో కన్నా ఆ గొంతు ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: నేను ఇద్దరు ఉపాధ్యాయులున్న పాఠశాలలో పనిచేస్తున్నాను. అయిదు తరగతులు ఇద్దరమే చూడాలి, యాప్‌లలో వివరాలు నింపాలి. ప్రతి పిల్లవాడి గురించి వేరు వేరుగా వ్యాఖ్య రాయమంటే ఎలా సాధ్యం? అందుకే అందరికీ ‘బాగుంది’, ‘ఇంకా కృషి చేయాలి’ అని రాసేస్తున్నాం.
– ఒక ఉపాధ్యాయుడు, బొబ్బిలి మండలం

జవాబు: మీ పని భారం నిజమైనది, దాన్ని తేలిక చేసి మాట్లాడను. అయినా ఆ రెండు వ్యాఖ్యల వల్ల ఎవరికీ ప్రయోజనం లేదని మీకూ తెలుసు. ‘ఇంకా కృషి చేయాలి’ అన్న మాట ఇంటికి చేరితే జరిగేది ఒక్కటే, పిల్లవాడికి తిట్లు పడతాయి. దేని మీద కృషి చేయాలో అందులో లేదు కనుక అమ్మానాన్నలకు చేయడానికి ఇంకేమీ ఉండదు.

ఒక ఉదాహరణ చూడండి. నాలుగో తరగతి పిల్లవాడు 403 నుంచి 178 తీసివేయమంటే 375 అని రాశాడనుకుందాం. గ్రేడు దృష్టితో అది ఒక తప్పు, మార్కు పోతుంది. కాస్త ఆగి చూస్తే వాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తున్నాడని తెలుస్తుంది. ఎనిమిదిలోంచి మూడు తీస్తే అయిదు, ఏడులోంచి సున్నా తీస్తే ఏడు, నాలుగులోంచి ఒకటి తీస్తే మూడు. వాడికి తీసివేత వచ్చు, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం రాదు. ఇప్పుడు ఇలా రాయవచ్చు: ‘జూన్‌లో రెండంకెల తీసివేతలు మాత్రమే చేసేవాడు. ఇప్పుడు అప్పు అవసరం లేని మూడంకెల తీసివేతలు తప్పు లేకుండా చేస్తున్నాడు. అప్పు తెచ్చుకునే లెక్కలు, ముఖ్యంగా మధ్యలో సున్నా ఉన్నవి, ఇంకా రావాలి. ఇంట్లో వంద, పది, రూపాయి నోట్లు నాణేలతో చిల్లర మార్పించండి.’ ఇందులో వచ్చినది ఉంది, రానిది ఉంది, ఇంట్లో చేయదగిన పని ఉంది. తండ్రి చదవగానే ఏం చేయాలో తెలుస్తుంది. ఉపాధ్యాయుడికి కూడా వచ్చే వారం ఏ పాఠం మళ్లీ చెప్పాలో తెలుస్తుంది.

ఇవన్నీ కార్డులు ఇచ్చే ముందు రోజు కూర్చుని రాయడం ఎవరికీ సాధ్యం కాదు. మీ వంతుకు ఇరవై మంది పిల్లలున్నారనుకుంటే, ఒక చిన్న నోటుపుస్తకంలో ప్రతి పిల్లవాడికీ ఒక పేజీ కేటాయించి, రోజుకు ఇద్దరి గురించి ఒక్కొక్క వాక్యం, తేదీ వేసి రాసుకోండి. పది పనిదినాల్లో అందరూ పూర్తవుతారు. కార్డు రాసే నాటికి ఒక్కొక్కరి గురించి నాలుగైదు వాక్యాలు చేతిలో ఉంటాయి. దానితోపాటు జూన్‌లో, సెప్టెంబరులో, జనవరిలో పిల్లలు సొంతంగా రాసిన ఒక్కొక్క పేజీ దాచి పెట్టండి. తల్లి వచ్చినప్పుడు ఆ మూడు పేజీలు వరసగా పెడితే, మీ మాటలు సగానికి తగ్గుతాయి.

2020 జాతీయ విద్యా విధానం ప్రగతి పత్రాన్ని సమగ్రంగా మార్చాలని చెప్పింది. ఉపాధ్యాయుడి అంచనాతోపాటు పిల్లల స్వీయ అంచనా, తోటి పిల్లల అంచనా కూడా అందులో ఉండాలంది. ఎన్‌సీఈఆర్‌టీ కింద 2023లో ఏర్పడిన పరఖ్ సంస్థ ఇటువంటి నమూనా పత్రాలు తయారుచేసింది. గళ్లు ఎక్కువై, అన్నింటిలోనూ టిక్కులు పెట్టడమే పనిగా మారితే ఆ ఉద్దేశం దెబ్బతింటుందని నా భయం. కాని పిల్లలు తమ గురించి తాము రాసే భాగాన్ని మాత్రం వదలకండి. ‘నాకు భాగహారం అంటే భయం’ అని అయిదో తరగతి అమ్మాయి స్వయంగా రాసిన వాక్యం మీ పని చాలా తేలిక చేస్తుంది.

మరొక్క మాట. పిల్లవాడి లోపం పది మంది తల్లుల ముందు చెప్పకండి. నాలుగు, అయిదు తరగతుల వారినైతే ఆ సంభాషణలో పక్కనే కూర్చోబెట్టుకోవడం మంచిది, తమ గురించి ఏం మాట్లాడారో వారికి తెలియాలి.

ప్రశ్న: మా బాబు ప్రైవేటు పాఠశాలలో రెండో తరగతి. ప్రతి పరీక్ష తరవాత తరగతి వాట్సాప్ గ్రూపులో అందరి ర్యాంకులూ పెడతారు. వాడికి మూడో ర్యాంకు నుంచి తొమ్మిదో ర్యాంకుకు దిగింది. ఆందోళన పడాలా?
– ఒక తండ్రి, శ్రీకాకుళం పట్టణం

జవాబు: ర్యాంకు గురించి ఆందోళన వద్దు. చిన్న తరగతుల్లో రెండు మూడు మార్కుల తేడాలో పది మంది ఉండవచ్చు. మీ బాబు కిందటిసారి కన్నా ఎక్కువ నేర్చుకుని కూడా తొమ్మిదో స్థానంలో ఉండవచ్చు. పిల్లలను భయం, ఆందోళన లేకుండా ఉంచాలని విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. ఏడేళ్ల పిల్లల జాబితా అందరి ఫోన్లలో తిరగడం దానికి విరుద్ధమని నా అభిప్రాయం. ఎవరి ఫలితం వారి ఇంటికే పంపమని మరికొందరు తల్లిదండ్రులతో కలిసి ప్రధానోపాధ్యాయులకు రాసి ఇవ్వండి. జవాబుపత్రం తెప్పించుకుని ఏ ప్రశ్నలు తప్పాడో చూడండి. మీకు కావలసిన సమాధానం అందులో ఉంటుంది.

ప్రశ్న: మా మేనకోడలిది సవర కుటుంబం. రెండో తరగతి చదువుతోంది. ప్రగతి పత్రంలో ‘తెలుగులో చాలా వెనుకబడి ఉంది, మందకొడి’ అని రాశారు. ఇంట్లో చూస్తే చాలా చురుకైన పిల్ల.
– ఒక పాఠకుడు, మందస మండలం

జవాబు: ఆ వ్యాఖ్యలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి, వాటిని విడదీయమని అడగండి. తెలుగు ఆ పిల్లకు ఇంటి భాష కాదు. ఒక కొత్త భాష నేర్చుకుంటూ అదే భాషలో మిగతా పాఠాలు కూడా వినవలసి వస్తోంది. కనుక తెలుగులో ఎంత మాట్లాడుతోంది, ఎంత చదువుతోంది అన్నది ఒక అంశంగా, ఆలోచన, లెక్కలు, కథ చెప్పడం మరొక అంశంగా చూడాలి. రెండోదాన్ని సవర వచ్చినవారి సాయంతో సవరలోనే అడిగి చూస్తే గాని ఏమీ తేలదు. సాధ్యమైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని 29వ సెక్షనే చెప్పింది. సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలోనే. ఈ జిల్లాలో ఈ మాట కొత్తది కాదు.

‘మందకొడి’ అన్న మాటను కొట్టివేసి, దాని స్థానంలో ‘తెలుగులో చిన్న వాక్యాలు అర్థం చేసుకుంటోంది, తానుగా మాట్లాడడం ఇంకా మొదలుకాలేదు, సవరలో అడిగితే 50 వరకు తప్పు లేకుండా లెక్కపెడుతోంది’ వంటి వాక్యం, అది పిల్ల నిజంగా చేసి చూపించాక, రాయమని కోరండి. ఆ పరీక్ష జరిగే రోజు మీరు గాని, ఆమె తల్లి గాని పక్కన ఉండి, సవరలో ప్రశ్నలు అడగడంలో ఉపాధ్యాయుడికి సాయం చేయండి.