చలికాలంలో బంగారు తీగ చేప పడాలంటే

అల్లుడూ,

రెండు ఆదివారాలు చెరువు దగ్గర కూర్చున్నా ఒక్క చేపా పడలేదని ఫోన్‌లో బాధపడ్డావు కదా, పొద్దున 6 గంటలకే వెళ్లానని నువ్వు చెప్పగానే నాకు సంగతి అర్థమైంది. అది ఎండాకాలం అలవాటు. డిసెంబర్, జనవరిలో మన కోహీర్ వైపు కొన్ని రాత్రులు చలి 10 డిగ్రీల కిందికి దిగుతుంది, తెల్లారేసరికి ఒడ్డు నీళ్లలో చెయ్యి పెట్టలేం. చేపకు మనలా సొంత వేడి ఉండదు, నీళ్లెంత చల్లగా ఉంటే దాని ఒళ్లూ అంతే, అరుగుదల తగ్గిపోతుంది, ఆకలి ఉండదు. 11 దాటాక వెళ్లి 4 దాకా కూర్చో. ఎండ బాగా పడే చోటు, గాలి కొట్టని మూల చూసుకో.

ఈ చలిలో బొచ్చె, రవ్వ చేపల మీద ఆశ పెట్టుకోకు, అవి మేత బాగా తగ్గించేస్తాయి. బంగారు తీగ చలిదేశాల నుంచి వచ్చిన చేప కాబట్టి కొద్దికొద్దిగానైనా తింటూనే ఉంటుంది. అడుగున బురదలో మూతి పెట్టి వెతుక్కునే రకం, అందుకే ఎర అడుగుకు ఆనాలి.

చల్లే మేత మాత్రం తగ్గించు. ఎండాకాలంలో తవుడు, పల్లి చెక్క దోసిళ్లతో చల్లుతాం, ఇప్పుడు గుప్పెడు చాలు, అంతకన్నా వేస్తే దాంతోనే కడుపు నిండిపోయి గాలం దగ్గరికి రాదు. గోధుమపిండి, చెక్క కలిపి మెత్తగా పిసికి శనగగింజంత ఉండ పెట్టు. చలిగాలికి పిండి గట్టిపడుతుంది, గట్టి ఉండను నోట్లోకి పీల్చి వెంటనే ఉమ్మేస్తుంది, కాబట్టి తడిగుడ్డలో చుట్టి దగ్గర పెట్టుకుని మధ్యమధ్యలో పిసుకుతూ ఉండు. పెంటకుప్ప పక్కన తవ్వితే దొరికే సన్న ఎర్ర వానపాము ఇంకా మంచిది, సగం ముక్క చాలు.

అసలు విషయం బెండు, అదే గాలం దారానికి కట్టి నీళ్ల మీద తేలనిచ్చే ముక్క. ఇప్పుడది గుటుక్కున మునగదు. పోయిన జనవరిలో నా బెండు గింజంత పైకి లేచి ఆగింది, గాలి అనుకున్నా, కాసేపటికి మళ్లీ లేచింది, చుట్టూ సన్నటి వలయం కూడా కనిపించింది. చేప ఎరను నోటితో అడుగు నుంచి ఎత్తితే దారానికున్న సీసం గుండు బరువు తగ్గి బెండు పైకి వస్తుంది, అది గుర్తొచ్చి మూడోసారి లేవగానే మణికట్టుతో చిన్నగా లాగాను. రెండు కిలోల తీగ! మూతికి అటూ ఇటూ రెండేసి మీసాలు, గాలం కింది పెదవి అంచుకు మాత్రమే గుచ్చుకుంది, ఇంకొక్క క్షణం ఆగితే పోయేది.

చెరువులో చేపలు మత్స్య సంఘం వాళ్లవి, వాళ్లనడిగే గాలం వెయ్యి, వాళ్ల బతుకు అదే కదా.

బెండుగా కట్టిన నీ లావు థర్మోకోల్ ముక్క తీసెయ్, దాని మీద ఇంత సన్న కదలిక తెలియదు. నెమలీక కాడ కట్టాలి. నా దగ్గర రెండున్నాయి, సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్దువు, ఒకటి నీకోసం పక్కన పెట్టాను.

మీ మామయ్య