బిట్లు గుర్తుండకపోతే తప్పు అమ్మాయిది కాదు

ప్రశ్న: మా అమ్మాయి బి.కాం. పూర్తిచేసి ఏడాదిగా ఇంట్లోనే గ్రూప్‌-2కు చదువుతోంది. ఫోన్ యాప్‌లో రోజూ రెండు వందల బిట్లు చేస్తుంది. రాత్రి భోజనాల దగ్గర నేను అడిగితే సైన్స్‌లోనూ, ప్రాచీన చరిత్రలోనూ సగం చెప్పలేకపోతోంది. మా అన్నయ్య కొడుకు మొదటిసారే ఉద్యోగం సంపాదించాడు. ఈ రెండు సబ్జెక్టుల్లో దేనికి ఎక్కువ సమయం ఇవ్వాలి? రోజూ ర్యాంకులు ఇచ్చే ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టమంటారా?
- ఒక తండ్రి

జవాబు: మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. వాటి వెనుక మూడోది దాగి ఉంది: ఈ పిల్లకు ఇది సాధ్యమేనా అని. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. దాదాపు అన్నింటిలోనూ అసలు భయం ఇదే. అందుకే ముందు దానికి జవాబు చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మాయి జ్ఞాపకశక్తిలో నాకు ఏ లోపమూ కనిపించలేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు వందల ముక్కలు రోజూ మింగితే ఎవరికైనా చాలావరకు జారిపోతాయి. సగం చెప్పగలుగుతోందంటే శ్రద్ధగా చదువుతోందనే అర్థం. లోపం ఆమె చదువుతున్న తీరులో ఉంది. తీరు మార్చుకోవచ్చు.

ఒక బిట్టు తీసుకుందాం. సింధు నాగరికత ప్రజలకు తెలియని లోహం ఏది? ఇనుము. యాప్‌లో అంతటితో అయిపోతుంది. కానీ ఎందుకు తెలియదు? రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దానికి తగరం కలిపితే వచ్చే కంచు ఇంకా తక్కువ వేడికే కరుగుతుంది, పైగా రాగికన్నా గట్టిగా ఉంటుంది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. కరిగించకుండా ఖనిజం నుంచి వేరుచేయాలన్నా కొలిమి మీద బాగా పట్టు ఉండాలి. అందుకే కంచు ముందు వచ్చింది, ఇనుము తర్వాత వచ్చింది. మలివేద కాలపు సాహిత్యంలో కనిపించే ‘కృష్ణ అయస్’, ‘శ్యామ అయస్’ అనే మాటలు ఇనుమునే సూచిస్తాయి. ఇది ఒకసారి అర్థమైతే కంచులో ఏ లోహాలుంటాయన్న రసాయనశాస్త్రపు ప్రశ్నకూ, సింధు నాగరికత ప్రశ్నకూ, వేదకాలపు ప్రశ్నకూ ఒకే చోట జవాబు దొరుకుతుంది.

ఇంకొకటి చూడండి. కార్బన్‌-14 అర్ధాయుష్షు, అంటే అది సగానికి తరిగిపోవడానికి పట్టే కాలం, దాదాపు 5730 సంవత్సరాలు అని ఆమె బట్టీ పట్టే ఉంటుంది. కార్బన్‌-14 ఎంత మిగిలిందో కొలిచి వయసు లెక్కకట్టే పద్ధతితో బొగ్గు, ఎముక, గింజ వంటి ఒకప్పుడు ప్రాణమున్న వాటి వయసే తెలుస్తుంది. రాతిమీద చెక్కిన అక్షరాల వయసు తెలియదు. మరి కర్నూలు జిల్లా ఎర్రగుడిలో బండమీద ఉన్న అశోకుడి శాసనాల కాలం ఎలా తెలిసింది? అశోకుడి 13వ శిలాశాసనంలో సిరియా రాజు ఆంటియోకస్, ఈజిప్టు రాజు టాలమీ వంటి సమకాలికుల పేర్లున్నాయి. వాళ్ల కాలం గ్రీకు చరిత్ర ద్వారా తెలుసు కాబట్టి అశోకుడిది క్రీ.పూ. మూడో శతాబ్దమని నిర్ధారించగలిగారు. కళింగ యుద్ధం గురించి చెప్పేదీ, ఆంధ్రులను పేర్కొనేదీ ఆ శాసనమే. దాన్ని ఒక గంట కూర్చుని చదివిన పిల్ల పరీక్షలో తడుముకోదు.

ఇక యాప్ సంగతి. దీనిపై నాకు గట్టి అనుమానాలున్నాయి. నాలుగు ఐచ్ఛికాలు కళ్లముందు ఉన్నప్పుడు సరైనదాన్ని గుర్తుపట్టడం వేరు, ఏమీ లేకుండా మనసులోంచి తీసి చెప్పడం వేరు. మొదటిది వస్తే రెండోదీ వచ్చేసినట్టు యాప్ భ్రమ కల్పిస్తుంది. రాత్రి మీరు అడిగేసరికి ఆ భ్రమ బయటపడుతోంది. పైగా ఇప్పటి ప్రశ్నల్లో ‘కింది వాక్యాల్లో ఏవి సరైనవి’, ‘జతపరచండి’, ‘నిశ్చితం, కారణం’ వంటివి చాలా ఉంటాయి. ఒంటరి వాక్యాలు బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. బిట్లలో తప్పులూ తక్కువేమీ కాదు. సున్నాను ఆర్యభటుడు కనిపెట్టాడన్నది ఎన్నిసార్లు చూశానో! ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలో సంఖ్యల స్థానవిలువ పద్ధతి ఉంది. సున్నాతో లెక్కలు చేసే నియమాలు 628లో బ్రహ్మగుప్తుడు ఇచ్చాడు. ఒక వాక్యంలో కుదించబోయి ఇద్దరికీ అన్యాయం చేశారు. అలాంటి చోట వచ్చే రోజువారీ ర్యాంకు మీ అమ్మాయి వేగాన్ని కొలుస్తుందేమో గానీ అవగాహనను కొలవదు. ఆ కోర్సుకు ఇప్పుడు డబ్బు కట్టవద్దు.

మీతో కూడా ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. రోజంతా చదివిన పిల్లకు అన్నం ముందు పరీక్ష పెట్టడం మానేయండి. అక్కడ ఆమె మరచిపోతున్నది శాతవాహనులను కాదు, మీ ముఖంలో నిరాశ చూసి తడబడుతోంది. మీ అన్నయ్య కొడుకు పేరు ఉత్తరంలోకి ఎందుకు వచ్చింది? అతని చదువు వేరు, అతను రాసిన పరీక్ష వేరు. ఆ పోలిక ఇంట్లో రోజూ వినిపిస్తుంటే ఏ పుస్తకం తలకెక్కుతుంది? సాయం చేయాలనుంటే “ఈ రోజు చదివినదాంట్లో నీకు నచ్చింది చెప్పమ్మా” అని అడిగి, మధ్యలో తప్పులు పట్టకుండా వినండి. తెలియని మనిషికి వివరించి చెప్పేటప్పుడు తనకు ఏది అర్థంకాలేదో ఆమెకే తెలుస్తుంది.

రెండు సబ్జెక్టుల పోలిక అడిగారు. అది చిన్న విషయం. బి.కాం. చదివింది కాబట్టి పదో తరగతి తర్వాత సైన్స్ ముట్టి ఉండదు. ఆరు నుంచి పది వరకు పాఠ్యపుస్తకాలు వరుసగా చదవాలి, జీవశాస్త్రంతో మొదలుపెడితే తేలిక. బియ్యాన్ని బాగా పాలిష్ చేస్తే పై తవుడుతోపాటు థయమిన్ అనే బి1 విటమిన్ పోతుందనీ, ఆ లోపమే బెరిబెరి జబ్బుకు కారణమనీ తెలిస్తే విటమిన్ల పట్టిక భయపెట్టదు. ఉదయం గంటన్నర సైన్స్, సాయంత్రం అంతే సమయం చరిత్ర సరిపోతాయి. శాతవాహనుల దగ్గరికి వచ్చినప్పుడు నాణేలపై ఓడ బొమ్మ ఎందుకుందో, రోమ్‌తో వర్తకానికి రుతుపవనాలు ఎలా తోడ్పడ్డాయో కలిపి చదవమనండి. నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. ఆ తేడా వల్ల వీచే గాలులే రుతుపవనాలు. ఆ భౌతికశాస్త్రం మీదే ఆ ఓడలు నడిచాయి.

మూడు నెలలు ఇలా చదివాక పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాయమనండి. తప్పుపోయిన ప్రతి ప్రశ్నకూ పుస్తకంలో పేజీ వెతకాలి. బిట్లు అప్పుడు చేసుకోవచ్చు, రోజుకు ముప్పై చాలు. ఎన్నేళ్లు ప్రయత్నించాలో గడువు కూడా ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. చేతిలో బి.కాం. ఉంది కాబట్టి బ్యాంకు పరీక్షలూ, అకౌంట్స్ ఉద్యోగాలూ ఆమెకు తెరిచే ఉన్నాయి. ఆ సంగతి ఈ వారమే ఆమెతో ప్రశాంతంగా మాట్లాడండి.