చేపలకన్నా ముందు నీటికి మండల దీక్ష

మీరు విజయవాడలో కొత్త ఇంటి పెరట్లో సహజమైన రాళ్లతో చిన్న చేపల కుంట కట్టించాలనుకుంటున్నారు; ఏ రాయి వాడాలి, ఎంత ఖర్చవుతుంది, ఆ తరువాత చూసుకోవడం కష్టమా అని అడిగారు. మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. రాయి రంగు గురించి, అంచుల గురించి, రాళ్ల మీదుగా జారే చిన్న జలపాతం గురించి ఎంతో ముచ్చటగా రాశారు గాని, నీటి గురించి ఒక్క మాటా రాయలేదు. ఆరేళ్ల క్రితం గుంటూరులో మా పెరట్లో కుంట తవ్వించినప్పుడు నేనూ అచ్చం మీలాగే ఆలోచించాను. అందువల్ల మీ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను, కాకపోతే నాకు తోచిన వరుసలో చెబుతాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ సంగతి గొప్ప కోసం చెప్పడం లేదు. తరువాత జరిగినదానికి నేను ఎంత సిగ్గుపడవలసి వచ్చిందో మీకు అర్థం కావాలని చెబుతున్నాను. మా కుంట పొడవు 10 అడుగులు, వెడల్పు 6 అడుగులు, లోతు 3 అడుగులు, అంటే దాదాపు 5,100 లీటర్ల నీరు. పేరేచర్ల వైపు క్వారీ నుంచి ఒక ట్రాక్టరు నల్లరాయి తెప్పించాము. మేస్త్రి పనితనానికి వంక పెట్టలేము. ప్రతి రాయినీ అటూ ఇటూ తిప్పి చూసి, నదురుగా ఉన్న ముఖం బయటికి వచ్చేలా పెట్టి, సందుల్లో సిమెంటు కూరి, పైన గోనెపట్టాలు కప్పి వారం రోజులు తడిపాడు. ఎనిమిదో రోజున నీళ్లు నింపాము. తొమ్మిదో రోజు సాయంత్రం, చుట్టుపక్కల వాళ్లందరూ చూస్తుండగా, మా మనవడి చేతుల మీదుగా 12 గోల్డ్ ఫిష్‌లను వదిలాము.

మరునాడు తెల్లవారేసరికి నాలుగు వెల్లకిలా తేలి ఉన్నాయి. మిగిలినవి నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. వాటి ఒంటి మీద పలచగా తెల్లటి జిగురు పట్టింది, కళ్లకు పొర కమ్మినట్టుంది. షాపులో జబ్బు చేపలను అంటగట్టారని నేను అనుకున్నాను, మా ఆవిడ దిష్టి తగిలిందని అన్నది. కైకలూరు దగ్గర చేపల చెరువులు చేసే మా బావమరిది, పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి సరిగ్గా ఆ ఉదయమే వచ్చాడు. అతను చేపలవైపు చూడనైనా చూడలేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని, నీటిలో చెయ్యి ముంచి, బొటనవేలినీ చూపుడు వేలినీ ఒకదానితో ఒకటి రుద్ది చూసి, “సబ్బు నీళ్లలా జారుతోంది బావా. పిల్లలకి చెప్పేవాడివే సున్నపు తేట, నీ చేపలు అందులో ఉన్నాయి” అన్నాడు.

నేను లోపలికి వెళ్లి, ఇంట్లో ట్యూషన్లు చెప్పిన రోజుల నాటి, క్షారం తగిలితే గులాబీ రంగుకు తిరిగే ఫినాఫ్తలీన్ సీసా వెతికి తెచ్చి, గాజు గ్లాసులో కుంట నీళ్లు ముంచి, రెండు చుక్కలు వేశాను. నీరంతా చిక్కటి గులాబీ రంగుకు తిరిగింది. “రోజ్ మిల్క్ లాగా ఉంది తాతయ్యా” అన్నాడు మనవడు. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) సున్నపు తేటను పాలవలె తెల్లగా మార్చునని ఎన్ని వందల మంది చేత వల్లె వేయించానో లెక్క లేదు. అదే సున్నపు తేటను 5,100 లీటర్లు తయారుచేసి అందులో చేపలను వదిలిన మనిషిని నేనేనన్న సంగతి ఆ గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు గాని నాకు తట్టలేదు. మధ్యాహ్నానికి పన్నెండూ పోయాయి.

జరిగింది ఇది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నమే, ఏర్పడుతుంది. కొత్త సిమెంటు నుంచి అది నీటిలోకి ఊరుతూనే ఉంటుంది. పూర్తిగా సున్నం పట్టిన నీటి పీహెచ్ (క్షారం ఎంతో చెప్పే అంకె; మంచినీటికి 7 దగ్గర ఉంటుంది) 12 దాటుతుంది; చేప మొప్పలు అంత క్షారాన్ని తట్టుకోలేవు. మేస్త్రులు వారం రోజులు తడిపి చేసే క్యూరింగ్ గోడ బలానికే గాని నీటి మంచికి కాదు. ఈ రెండింటికీ తేడా తెలియని మేస్త్రిని నేను తప్పుపట్టను, తెలిసి కూడా గుర్తుకు రాని నన్ను నేను తప్పుపట్టుకుంటాను. మా బావమరిది చెప్పిన మందు మాత్రం నేను చెప్పిన ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. కుంట నిండా నీళ్లు పెట్టి, అరటి బోదెలను ముక్కలు చేసి వేసి, వారం రోజులు కుళ్లనిచ్చి, మొత్తం తోడి పారబోసి, మళ్లీ అదే చేయమన్నాడు. కుళ్లే బోదె నుంచి వచ్చే ఆమ్లాలూ బొగ్గుపులుసు వాయువూ సున్నాన్ని విరిచేస్తాయి. వాసన భరించడం కష్టమే. మూడు విడతలు చేశాక ఫినాఫ్తలీన్ వేస్తే నీరు నీరులాగే ఉంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాను. సున్నం పోయినంత మాత్రాన నీరు చేపలకు సిద్ధమైనట్టు కాదు. అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజుల మండల దీక్ష పట్టినట్టు, చేపలు లేకుండా పంపు మాత్రం తిరుగుతూ ఉండగా ఆ నీటికి ఒక మండలం దీక్ష పట్టనివ్వండి. చేప మొప్పల నుంచి ఎడతెగకుండా అమ్మోనియా వస్తుంది, అది చేపకే విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గానూ, మరొక రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తాయి. ఈ రెండు రకాలూ తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఖాళీ నీటిలో వాటికి తిండి ఉండదు కాబట్టి కుళ్లి అమ్మోనియా అయ్యేలా రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ ఉండాలి. దోమలు గుడ్లు పెట్టకుండా పైన దోమతెర కప్పాలి, ఎందుకంటే మన ఎండలకు గుడ్డు దోమ కావడానికి పది రోజులు చాలు. ఇంట్లో పిల్లలు రోజూ “చేపలెప్పుడు, చేపలెప్పుడు” అని ప్రాణం తీస్తారు, అయినా లొంగకండి. షాపులో ఒక్క రోజులో నీటిని సిద్ధం చేస్తామని రంగు రంగుల సీసాలు చూపిస్తారు, వాటికి పెట్టే డబ్బుతో ఒక మంచి పంపు వస్తుంది.

రాయి వల్ల నిజమైన ఉపయోగం కూడా ఇక్కడే ఉంది. గరుకు రాయి మీద పట్టే సన్నటి నాచుపొరే ఆ బాక్టీరియాకు ఇల్లు. మా ఇంట్లో ఒక సంక్రాంతికి, ఇల్లు కడిగిన ఊపులోనే కుంటలోని రాళ్లనూ బ్లీచింగ్ పౌడరు చల్లి అద్దాల్లాగా తోమారు. ఆ తరువాత నెల రోజులు నేను రోజు విడిచి రోజు నీరు మారుస్తూ చేపలను బతికించుకోవలసి వచ్చింది. రాయి పచ్చబడితే పచ్చబడనివ్వండి. సహజంగా ఉండాలని అడిగింది మీరే కదా.

ఇక ఏ రాయి అంటే, నల్లరాయి, సందేహం లేదు. గ్రానైటు జాతి రాయి నీటిలో కరగదు, నీటి గుణాన్ని మార్చదు. పల్నాటి నాపరాయి చవకగా, చదునుగా దొరుకుతుంది గాని అది సున్నపురాయి. అమరావతి స్తూపం మీది శిల్పాలను చెక్కింది ఆ పల్నాటి సున్నపురాయిలోనే. ఉలికి అంత బాగా లొంగే రాయి నీటికి కూడా కొద్ది కొద్దిగా లొంగుతుంది, నీటి గట్టితనమూ (అంటే అందులో కరిగిన సున్నపు లవణాలూ) పీహెచ్ రెండూ పెరుగుతాయి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, ఉన్న అమ్మోనియాలో చేపకు విషమైన భాగం దాదాపు పది రెట్లవుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల ముందే గట్టివి, వాటికి ఇది తోడు ఎందుకు? నర్సరీల్లో సంచుల్లో అమ్మే మెరిసే తెల్ల గులకరాళ్లు చాలావరకు పాలరాతి ముక్కలే, అదీ సున్నపురాయి వంశమే. కొనేముందు జేబులో ఒక నిమ్మకాయ వేసుకుని వెళ్లండి. రాయిని గీకి రసం పిండితే, సున్నపురాయి అయితే చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు సన్నగా చిటపటలు వినిపిస్తాయి, కంటికి చిన్న బుడగలు కనిపిస్తాయి. షాపతను వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

చోటు విషయంలో మాత్రం వాస్తు చెప్పే పెద్దలతో నాకు పేచీ లేదు. ఇంటికి తూర్పున, ఈశాన్యం మూలన నీళ్లుంటే పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం దాటాక ఇంటి నీడ పడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ బెజవాడ వారికి నేను చెప్పనక్కరలేదు. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ ఇమడగలదు, 35 డిగ్రీల వద్ద అది 7 దగ్గరికి దిగుతుంది. వేడికి చేప మాత్రం ఇంకా ఎక్కువ పీలుస్తుంది. మొక్కలూ నాచూ పగలు ఆక్సిజన్ ఇచ్చినా రాత్రి తామే పీలుస్తాయి కాబట్టి తెల్లవారుజామున నీటిలో అది అడుగంటుతుంది. కైకలూరు రైతులు చీకటితోనే గట్ల మీద నిలబడి చేపలు పైకి తేలుతున్నాయేమో చూసేది ఇందుకే. మనవాళ్లేమో చూసేవాళ్లు లేరని, కరెంటు బిల్లు మిగులుతుందని, రాత్రి పడుకోబోయే ముందు జలపాతం పంపును కట్టేస్తారు. ఆపాలనుకుంటే పగలు ఆపండి, రాత్రి ఆపకండి. ఇంట్లో ఫ్యానుకు ఇన్వర్టరు ఉన్నవారు పంపునూ దానికే కలపాలి.

చూసుకోవడం కష్టమా అన్నారు. వారానికోసారి ఐదో వంతు నీరు తీసి కొత్త నీరు పోయాలి. మునిసిపల్ కుళాయి నీరైతే క్లోరిన్ పోయేలా ఒక రోజు డ్రమ్ముల్లో, మూతలు తీసి ఉంచాలి. బోరు నీరైతే గాలి కలిసేలా ఎత్తు నుంచి ధారగా పోయాలి. తీసిన నీరు కరివేపాకుకూ అరటికీ బలం. ఐదు నిమిషాల్లో తినగలిగినంత మేతే వేయాలి; వచ్చిన ప్రతి చుట్టమూ గుప్పెడు మరమరాలు విసురుతానంటే మొహమాటం లేకుండా వద్దనాలి. పక్కింటివారు ప్రేమగా తెచ్చే గుర్రపుడెక్కను గుమ్మం దాటనివ్వకూడదు, కాలువలకు అది చేసిన చేటు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. లకుముకి పిట్టకు వల ఉండాలి, చిన్నపిల్లలున్న ఇంట్లో గట్టి జాలీ ఉండాలి. కోయి చేపలు మన ఎండలకు సుఖపడవు, శీలావతి, బొచ్చె కిలోలకు కిలోలు పెరుగుతాయి. గోల్డ్ ఫిష్‌లు చాలు.

ఖర్చు అడిగారు. నా ఖర్చులో సగం మొదటి కుంటను పగలగొట్టించడానికీ మళ్లీ కట్టించడానికీ అయింది. గుంటూరులో మాది నల్లరేగడి. వానలకు ఉబ్బి, ఎండలకు ముడుచుకుని నెర్రెలిచ్చే నేల. రెండో వేసవిలో నీరు రోజుకు రెండంగుళాలు తగ్గడం మొదలైంది. ఎండకు రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరి కావడం మామూలే కాబట్టి, ఒక బకెట్‌ను నీటితో నింపి కుంటలోని మెట్టు మీద పెట్టి రెండింటి మట్టాలకూ గీతలు గీశాను; మరునాటికి బకెట్‌లో మట్టం కదిలీ కదలనట్టుంది, కుంటలో మాత్రం గీతకు రెండు వేళ్ల కిందికి దిగింది. చీలిక ఉన్నట్టే. దాంతో సిమెంటు మొత్తం తీయించి, రొయ్యల చెరువుల్లో పరిచే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు వేయించి, దాని మీద పాత గోనెపట్టాలు పరిచి, సిమెంటు చుక్క లేకుండా రాళ్లను ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టించాను. నేల కదిలితే షీటు దానితోపాటు కదులుతుంది. మీ స్థలం కూడా రేగడి అయితే మొదటే ఇలా చేయండి, నా ఖర్చులో సగంతో పని అయిపోతుంది.

సిమెంటు వదలని పాత రాళ్లు కొన్ని ఇప్పటికీ మా ప్రహరీ పక్కన పడి ఉన్నాయి. మొన్న ఒకదానికి అంటుకున్న ముద్దను సుత్తితో విరిచి, విరిగిన చోట అదే సీసాలోంచి ఒక చుక్క వేశాను. పైపొర తెల్లగానే ఉంది, లోపల మాత్రం ఇంకా గులాబీ రంగు వచ్చింది.